ఇరవై రెండు పాళ్ల రబ్బరు

"పడవ గొంతు మారిపోనాదే కనకా," అంది పోలమ్మ.

ఆదివారం పొద్దున్న, ఇసకపాలెం ఒడ్డున చేపల తట్టలు కడుగుతూ అందామాట. కనకం నవ్వింది. "పడవకి గొంతేటి వదినా?"

పోలమ్మ లేచింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఇసక మీదికి ఎక్కించి ఉన్న తమ పడవ దగ్గరికి నడిచి, దాని ముక్కు మీద అరచేత్తో ఒక్కటి వేసింది. తడిసిన డప్పు కొట్టినట్టు మెత్తగా, బరువుగా వినిపించింది. నాలుగడుగులు వెనక్కి వచ్చి పడవ పక్క మీద మళ్లీ కొట్టింది. ఈసారి కంగుమంది, గాజుగిన్నెకు గోరు తగిలినట్టు.

"కొత్తల్లో ఎక్కడ కొట్టినా ఒకటే మోత. ఇప్పుడు ఈడొకలాగ, ఆడొకలాగ. మీ అన్నకి సెప్తే, నీకేటీ పని లేదేటే అన్నాడు."

కనకం నవ్వు ఆగిపోయింది. తానూ వెళ్లి కొట్టి చూసింది. ముక్కు దగ్గర మెత్తన, దాని వెనక జానెడు మేర కంగు, ఇంకా వెనక్కి పోతే మళ్లీ మామూలు మోత.

ఆ పడవ ఆమె చేతి మీదుగా వచ్చిందే. ఆ ఒక్కటే కాదు, ఇసకపాలెంలో ఉన్న ముప్పై ఒక్క కొత్త పడవలూ. సూరాడ కనకం ఆ ఊరి పిల్లే. తండ్రి ఇదే ఒడ్డున కెరటం విసిరికొట్టిన ఫైబరు పడవ కింద పడి నడుము విరిగి, ఆరేళ్లు మంచంలో ఉండి పోయాడు. ఇసకపాలేనికి హార్బరు లేదు. పడవ పొద్దున్నే కెరటాలను చీల్చుకుని బయటికి పోవాలి, మధ్యాహ్నం కెరటం మీద తేలుతూ వచ్చి ఇసకలో గుద్దుకుని ఆగాలి. రోజూ ఆ దెబ్బలు తిన్న పడవ మూడేళ్లకు మించి బతకదు. అందుకే కనకం పాలిమర్లు చదివింది. అందుకే విశాఖపట్నంలో డాక్టర్ సోమయాజుల అన్నపూర్ణ నడిపే ల్యాబులో చేరి పదకొండేళ్లుగా అక్కడే ఉంది.

నైలాన్ గట్టిది, కానీ గట్టి దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. అందులో కంటికి ఆననంత చిన్న రబ్బరు పూసలు కలిపితే, పగులు పాకుతూ వచ్చి పూసకు తగిలి చచ్చిపోతుంది. ఇది పాత సంగతే. అన్నపూర్ణ కనిపెట్టింది వేరు. ఆమె కలిపిన ఒక కొత్త రసాయనం వల్ల, దెబ్బ తగిలిన చోట పుట్టే కాస్త వేడికి నైలాన్ ఒక్క క్షణం పట్టు సడలిస్తుంది. ఆ క్షణంలో చుట్టుపక్కల ఉన్న రబ్బరు పూసలు దెబ్బ వైపు ఒక వెంట్రుకవాసి జరుగుతాయి. మళ్లీ దెబ్బ, మళ్లీ వెంట్రుకవాసి. ఎక్కడ ఎక్కువ దెబ్బలు తగిలితే అక్కడ పడవ తనంతట తానే దిట్టంగా తయారవుతుంది. లోకంలో ఇలాంటి ప్లాస్టిక్ ఇదే మొదటిది.

పడవలు నీళ్లలోకి దిగి పద్నాలుగు నెలలైంది. ఒక్కదానికీ గీత పడలేదు.

"ఓ చిన్న ముక్క కోసుకుంటానన్నా," అంది కనకం.

అన్న ఎల్లాజీ వల బాగుచేస్తూ తలెత్తాడు. "నా పడవకి గాయం పెడతావేటే? కొండని గుద్దినా దీనికేటీ కాదు. నువ్వే సెప్పేవు."

"గోరంత ముక్క. లోపలికల్లా ఎల్లదు."

ఎల్లాజీ విసుక్కుంటూనే రంపం అందించాడు. పక్కన వల రెండో కొస పట్టుకుని కూర్చున్న దానయ్య నవ్వాడు. దానయ్య ఎల్లాజీ పడవలో ముక్కు దగ్గర నిలబడే మనిషి. ఒడ్డుకు వచ్చేటప్పుడు తాడు పట్టుకుని ముందుగా దూకేది అతనే. "కొయ్యనీ అన్నా. సెల్లెమ్మ కోస్తే పడవకి నొప్పెట్టదులే," అన్నాడు.

కంగుమన్న చోటి నుంచి, అంచున, కనకం ఒక ముక్క కోసుకుంది. ముక్కు కొస నుంచి ఇంకొకటి.

*

మంగళవారం పొద్దున్న తొమ్మిదింపావుకు ఆ ముక్కల పొరలు మైక్రోస్కోపులో కనిపించాయి.

పొర కొయ్యడానికి వజ్రపు కత్తి, రబ్బరు నల్లగా కనిపించడానికి రంగు, వీటికి సోమవారమంతా పట్టింది. ముక్కను ఒకసారి సిద్ధం చేశాక ఇంకో పొరకు అరగంట చాలు. కనకం తెర మీద బొమ్మ పెద్దది చేసింది. ముందు ముక్కు కొసది చూసింది. ఏం చూస్తోందో మొదట అర్థం కాలేదు. కొత్త పడవ పొరలో తెల్లటి నైలాన్ సముద్రంలా పరుచుకుని ఉంటుంది, అందులో రబ్బరు పూసలు నల్లటి దీవుల్లా విడివిడిగా ఉంటాయి. ఇక్కడ నల్లదనమే సముద్రం. నైలానే అక్కడక్కడ తెల్లటి దీవులై తేలుతోంది. పూసలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, రబ్బరు తనే అసలు పదార్థమై కూర్చుంది.

రెండో పొర పెట్టింది. కంగుమన్న చోటిది. తెల్లగా ఉంది. మొత్తం తెల్లన. వెతగ్గా వెతగ్గా మూల మూడు పూసలు కనిపించాయి.

కనకం రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. ముక్కుకు చేరిన రబ్బరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. పక్కనే ఉన్న చోటును ఖాళీ చేసి వచ్చింది. ల్యాబులో సుత్తి కింద పెట్టి రెండు వేల దెబ్బలు కొట్టి పరీక్షించింది వేలెడంత ముక్కలను. వేలెడు ముక్కలో దెబ్బ తగిలిన చోటు తప్ప చుట్టుపక్కల అంటూ ఏముంటుంది? పడవకు చుట్టుపక్కల ఉంది. అదిప్పుడు ఉత్త నైలాన్ కూడా కాదు, రసాయనం మిగిలిపోయి రబ్బరు పోయిన పెళుసు పెంకు.

అన్నపూర్ణ గదిలోకి వచ్చి, కనకం ముఖం చూసి, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి. పదహారేళ్లుగా ఈ ఒక్క పని మీదే ఉంది. తెల్లటి బొమ్మను మూల మూలా వెతికి చూసింది.

"ఎంత పాళ్లది ఇది?" అంది చివరికి, తెలిసే.

"ఇరవై రెండు మేడమ్."

నూటికి పద్నాలుగు నుంచి ఇరవై నాలుగు పాళ్ల దాకా రబ్బరు కలిపి రకరకాల ముద్దలు చేసింది కనకమే. పద్దెనిమిది చాలు అంది అన్నపూర్ణ. పద్దెనిమిదిలో పూసల మధ్య దూరం ఎక్కువ, కొంత జరిగి ఆగిపోతాయి, పడవకు సొట్టలు పడతాయి. ఇరవై రెండు దగ్గర సుత్తి పరీక్షలో అంకె ఆకాశాన్నంటింది. సొట్ట కూడా పడలేదు. "మా అన్న పడవ సొట్ట పడకూడదు మేడమ్," అని మూడు వారాలు వాదించి ఒప్పించింది కనకం.

"ఒక్క పడవ ముక్క. రంగు సరిగ్గా పట్టలేదేమో," అంది అన్నపూర్ణ. గొంతులో నమ్మకం లేదు.

"అవును మేడమ్. పట్టలేదేమో. ఇంకో పొర కోస్తాను," అంది కనకం.

ఆ మాట అనడం ఎంత హాయిగా అనిపించిందో ఆమెకు తర్వాత చాలాకాలం గుర్తుంది. పొర కోసింది. రంగు పట్టించింది. కడిగింది. ఒక పొర చిరిగితే ఇంకొకటి కోసింది. మళ్లీ తెల్లగానే వచ్చింది. అప్పుడు అన్నపూర్ణ మిగిలిన ముక్కను పట్టుకారుతో పట్టుకుని, పెన్ను వెనక వైపుతో తట్టింది. బిస్కెట్టు విరిగినట్టు రెండయింది. ఒక ముక్క బల్ల మీద పడి దొర్లింది.

గడియారం పది దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది.

"మీ ఊరి పడవలు ఎన్నింటికి ఒడ్డుకొస్తాయి?"

"పదకొండు నుంచి మొదలవుతాయి."

"ఫోన్ చెయ్యి. నేను హార్బరు వాళ్లతో మాట్లాడతాను, పడవలన్నిటికీ చోటివ్వమని." అన్నపూర్ణ అప్పటికే నంబరు నొక్కుతోంది.

ఇసకపాలెంలో వైర్‌లెస్ సెట్టు పడవల సంఘం పెద్ద గరికిన అప్పలస్వామి ఇంట్లో ఉంది. కనకం చెప్పింది విని ఆయన నవ్వాడు. "ఏటమ్మా ఎగతాళా? ఆ పడవలు ఇరగడమేటి? మొన్న నా పడవ బండని గుద్దింది, బండే అరిగిపోనాది."

"పెద్దయ్యా, నాను తప్పు సెప్పేను. పడవ ముక్కు గట్టిదే. దాని ఎనకాతల పుచ్చిపోనాది. కెరటంలో దెబ్బ తగిలితే ముక్కు ఊడిపోతాది. ఎవర్నీ ఒడ్డుకి రావొద్దని సెప్పండి. మెల్లగా హార్బరుకి ఎల్లిపొమ్మనండి. కెరటం లేని సోటికి."

"నువ్వే కదా పాళ్లు కలిపేవు?"

"నానే. నానే తప్పు కలిపేను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత సెట్టు బరబరలాడడం, అప్పలస్వామి ఒక్కో పడవనూ పేరు పెట్టి పిలవడం వినిపించాయి. కనకం ఫోను చెవికి ఆనించుకునే మెట్లు దిగి, అన్నపూర్ణ కారులో కూర్చుంది. మధురవాడ దాటేసరికి ఇరవై పడవలు పలికాయి. బీచి రోడ్డు మీద ఎడ్లబండి అడ్డం వస్తే అన్నపూర్ణ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఇరవై ఎనిమిది. ఊరి మలుపులో ముప్పై.

"ఎల్లాజీ పలకడం లేదమ్మా," అన్నాడు అప్పలస్వామి. "తొమ్మిదీ నలభైకి నాతో మాటాడేడు. వంజరం గుంపు కనపడింది, దాని ఎనకాల పోతన్నాను అన్నాడు. అప్పట్నించి సెట్టుకి అందలేదు."

*

ఒడ్డున ఎర్ర చీర కట్టిన వెదురుబొంగు పట్టుకుని పోలమ్మ నిలబడి ఉంది. చుట్టూ పాతికమంది ఆడవాళ్లు. కెరటాలు పెద్దవైనప్పుడు, రావద్దని చెప్పడానికి ఆ ఊళ్లో ఎర్ర గుడ్డ ఊపడం అలవాటు. తాత ముత్తాతల నాటి పడవలవాళ్లు అది చూస్తే దూరంగా ఆగిపోయేవాళ్లు.

పదకొండున్నర ప్రాంతంలో చుక్కలా కనిపించింది పడవ. ఎండకు నీళ్లు మెరుస్తున్నాయి. ఆ రోజు సముద్రం మరీ అంత కోపంగా కూడా లేదు, మనిషెత్తు కెరటాలు మూడు వరసలు, అంతే. పోలమ్మ బొంగు ఊపింది. అందరూ కొంగులు ఊపారు. కనకం నీళ్లలోకి నడుములోతు దిగి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. ఒక మరపడవ తీసుకుని ఎదురెళదామంటే ఊరి పడవలన్నీ అవే, అప్పటికే హార్బరు దారిలో ఉన్నాయి.

ఎల్లాజీ చూశాడు. ఇంజను నెమ్మదించింది. పడవ కెరటాల వరసకు అవతల ఆగి అటూ ఇటూ ఊగింది.

"ఆగేడు. ఆగేడు, తల్లీ," అంటూ పోలమ్మ ఏడ్చేసింది.

ముక్కు దగ్గర నిలబడ్డ దానయ్య చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఒడ్డును చూశాడు. వెనక్కి తిరిగి ఎల్లాజీతో ఏదో అన్నాడు. ఎల్లాజీ కెరటాలను చూశాడు. తర్వాత ఆసుపత్రిలో అతను చెప్పాడు ఏమనుకున్నాడో. ఈ మాత్రం కెరటానికి ఎర్ర గుడ్డేటి, పాత పడవల బెదురు ఈలకింకా పోలేదు అనుకున్నాడట. పాత పడవైతే ఆగిపోయేవాణ్ని, ఈ పడవని నమ్మేను అన్నాడు.

ఇంజను మళ్లీ గట్టిగా మోగింది.

మొదటి కెరటం దాటాడు. రెండోది పడవను ఎత్తి ముక్కు మీద దించింది. ఒడ్డున ఉన్నవాళ్లందరికీ వినిపించింది ఆ చప్పుడు, పెద్ద కుండ పగిలినట్టు. ముక్కు మొత్తం, దానయ్యతో సహా, పడవ నుంచి విడిపోయింది. మిగిలిన పడవ పెంకులు పెంకులుగా తెరుచుకుంది. ఎల్లాజీ, వెనకున్న ఇంకో మనిషి నీళ్లలో పడి ఈదారు. దానయ్య పట్టుకున్న తాడు ఆ ముక్కుకే కట్టి ఉంది, చేతికి చుట్టుకుని ఉంది. మూడో కెరటం దాన్ని బోర్లా తిప్పింది.

పదిమంది ఆడవాళ్లు ఈదుకుంటూ పోయి లాక్కొచ్చారు. అప్పటికే అయిపోయింది. ఇసక మీద పడి ఉన్న పడవ ముక్కుకు ఒక్క సొట్ట లేదు.

*

వారం తర్వాత, పడవలకు పెట్టుబడి పెట్టిన కంపెనీ మేనేజరు ల్యాబుకు వచ్చాడు. చల్లగా మాట్లాడాడు. కెరటంలో పడవ బోల్తా పడింది, సముద్రంలో ఇది మామూలే అని రిపోర్టు రాస్తే అందరికీ మంచిదన్నాడు. మిగిలిన పడవలను మరమ్మతు పేరుతో మెల్లగా వెనక్కి తీసుకోవచ్చన్నాడు.

అన్నపూర్ణ రెండు పొరల ఫొటోలు అతని ముందుకు తోసింది. "రిపోర్టు నిన్ననే పంపించేశాం. సంతకం నాది."

"నాది కూడా," అంది కనకం.

అతను వెళ్లిపోయాక అన్నపూర్ణ కిటికీ దగ్గర నిలబడి కళ్లద్దాలు తుడుచుకుంది. "పదహారేళ్లు కనకం. పూసలు ఎక్కడికి వెళతాయో చూశాను. ఎక్కడి నుంచి వెళతాయో ఒక్కసారి కూడా చూడలేదు." పద్దెనిమిది చాలన్నాను కదా అని ఆ రోజూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు.

ఇసకపాలెంలో వలల షెడ్డు కింద ఊరంతా కూర్చుంది. కనకం మధ్యలో నిలబడింది. ముప్పై పడవలు హార్బరులో తాళ్లకు కట్టి ఉన్నాయి, ఎవరికీ వేట లేదు. ఒక పక్క ఎల్లాజీ, చేతికి కట్టుతో, తల దించుకుని ఉన్నాడు. చెల్లెలి వైపు చూడలేదు. అప్పలస్వామి ఏదో మొదలుపెట్టబోతే దానయ్య భార్య మసేనమ్మ చెయ్యెత్తి ఆపింది.

"నాను అడుగుతాను. ఆ రోజు పొద్దున్న నీకు ఎన్నింటికి తెలిసింది?"

కనకం ఆమె వైపు తిరిగింది. "తొమ్మిదింపావుకి."

"ఫోను ఎన్నింటికి సేసేవు?"

"పది దాటేక."

"మజ్జిలో ఏటి సేసేవు?"

పొర సరిగా వచ్చిందో లేదో చూశాం అని చెప్పొచ్చు. అది అబద్ధం కూడా కాదు.

"తప్పని తేలితే బాగుణ్ననుకుని ఇంకోసారి కోసేనొదినా," అంది కనకం. "మొదటిసారే నాకు తెలిసిపోనాది. నమ్మడం ఇష్టం లేక కోసేను. తొమ్మిదిన్నరకి ఫోను సేసుంటే మా అన్న సెట్టుకి అందేవోడు."

పోలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరో మగవాడు లేచి బూతు తిట్టాడు. ఎల్లాజీ మొదటిసారి తలెత్తి చెల్లెలిని చూశాడు. మసేనమ్మ మాత్రం కదలకుండా కూర్చుంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి.

"మల్లీ పడవలు సెయ్యాలి కదా మీరు. ఎంత పాళ్లు?"

"పద్దెనిమిది. సొట్టలు పడతాయి. ఆ కొత్త మందు కలపం. పూసలు ఎక్కడివి అక్కడే ఉంటాయి."

"నీ మాట నానెందుకు నమ్మాలి?"

"నమ్మక్కర్లేదు."

"అయితే ఇను. మొదటి పడవ ముక్కు కాడ నువ్వు కూకోవాలి. నా మొగుడు నిలబడ్డ కాడ. నూరుసార్లు ఒడ్డుకి రావాలి. అప్పుడు ఆ ముక్కుదీ, దాని ఎనకాతలదీ కోసి, నువ్వు సూసింది నాకు సూపించాలి. నా కళ్లకి. నాను సరే అంటే మిగతా పడవలు. కాదంటే లేదు."

అప్పలస్వామి, "అదేటే, ఆడమనిషి..." అనబోయాడు.

"వస్తాను," అంది కనకం.

*

కొత్త పడవ రావడానికి అయిదు నెలలు పట్టింది. చూడ్డానికి మొరటుగా, మందంగా ఉంది. ఎల్లాజీ చుక్కాని పట్టాడు. మొదటి రోజు కెరటం మీద నుంచి పడవ జారుతుంటే కనకం కళ్లు మూసుకుంది. ఇసకలో గుద్దుకున్న అదురుకు ఆమె పళ్లు టకటకా కొట్టుకున్నాయి. దిగి నాలుగడుగులు వేసి వాంతి చేసుకుంది. మసేనమ్మ తాడిచెట్ల కింద నిలబడి చూసి, ఇంటికి పోయింది. రెండో రోజూ అంతే. పదిహేడో సారి కనకం మణికట్టు బెణికింది. నలభయ్యో సారి కెరటం పడవను అడ్డం తిప్పేస్తే ఎల్లాజీ, "గట్టిగా పట్టుకోయే!" అని అరిచాడు. షెడ్డు కింద కూర్చున్న నాటి నుంచి అన్న ఆమెతో అన్న మొదటి మాట అది.

పడవ ముక్కు నిండా సొట్టలు పడ్డాయి. వాటిని చూస్తే పూర్వపు కనకం సిగ్గుపడేది. ఇప్పుడు రోజూ వాటిని వేళ్లతో తడిమి లెక్కపెట్టుకుంటోంది.

నూరోసారి అయ్యాక రెండు ముక్కలు కోసి, మసేనమ్మను ల్యాబుకు తీసుకెళ్లింది. మసేనమ్మ చెప్పులు గుమ్మంలో విడిచి, తెర ముందు కుర్చీలో నిటారుగా కూర్చుంది. అన్నపూర్ణ వెనక నిలబడింది.

"ఈ నల్లటియ్యేటి?"

"రబ్బరు. ఇది ముక్కు దగ్గరిది." కనకం రెండో పొర పెట్టింది. "ఇది దాని వెనకది."

మసేనమ్మ ముందుకు వంగింది. ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా చూసింది. రెండూ మార్చి మార్చి పెట్టించింది. వేలితో పూసల మధ్య దూరం కొలిచింది.

"ఒకదానికొకటి తగల్లేదు."

"తగల్లేదు."

"నా మొగుడి పడవది సూపించు."

కనకం అన్నపూర్ణను చూసింది. ఆమె తల ఊపింది. కనకం పాత బొమ్మలు రెండూ పెట్టింది, నల్లటిదీ తెల్లటిదీ. మసేనమ్మ నల్లటిదాన్ని ఒక్కసారే చూసింది. ఆ తెల్లటి బొమ్మ ముందు చాలాసేపు ఉండిపోయింది. ఏమీ లేని ఆ తెలుపులో మూల ఉన్న మూడు చుక్కలను వెతికి పట్టుకుని, ఒక్కోదాని మీదా వేలు పెట్టింది. అప్పుడు ఏడ్చింది. కనకం పక్కన నేల మీద కూర్చుంది, చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలక ఊరికే కూర్చుంది.

కాసేపటికి మసేనమ్మ ముఖం తుడుచుకుంది. "మిగతా పడవలు సెయ్యండి," అంది. "మల్లీ ఎప్పుడు కోసి సూస్తారు?"

"ఆరు నెలలకోసారి అనుకున్నాం," అంది అన్నపూర్ణ.

"నెలకోసారి సూడండి. ప్రతి పడవా. నన్ను పిలండి. నానొచ్చి సూస్తాను."

ఆమెకు నెలకోసారి ఇరవై ఆరు కిలోమీటర్లు రావడం కష్టమవుతుందని కనకం అనలేదు. క్యాలెండరు తీసి, వచ్చే నెల మొదటి మంగళవారం మీద గీత పెట్టి, కిందుగా మసేనమ్మ పేరు రాసింది. తర్వాతి నెలల్లోనూ రాసింది. ఇసకపాలెంలో ఇప్పుడు పాతిక పడవలు ఉన్నాయి. ప్రతి నెలా మొదటి మంగళవారం మసేనమ్మ వచ్చి పాతిక జతల పొరలూ చూసి, లేచి సరే అనే దాకా, ఆ రోజు ఒక్క పడవా నీళ్లలోకి దిగదు.